ఇరవై సూదులు

మొన్న పామర్రులో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. నా పక్కనే ఒక ముసలావిడ, ఎవరి పిల్లో తెలియని ఓ చిన్నపిల్ల గౌను అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఏమీ ఎరగనట్టు దిక్కులు చూస్తోంది. పిల్ల తల్లి అరటిపళ్ళ బండి దగ్గర బేరమాడుతోంది. నాకు చప్పున ఒళ్ళు మండింది. "పెద్దత్తయ్యా, వదలండి, పరాయివాళ్ళ పిల్ల" అనబోయి నాలిక్కరుచుకున్నాను. పెద్దత్తయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడ మీద విసుగు మాత్రం నాకింకా పోలేదని ఆ బస్టాండులో తెలిసింది.

ఆవిడ మా అత్తగారికి అక్క. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మా మూడోవాడు పుట్టినప్పుడు పెద్దత్తయ్య బాలెంతకి సాయం ఉంటానని దివిసీమ నించి ఏరు దాటి వచ్చింది. నెల రోజులన్నది ఆరేళ్ళుంది. వచ్చినప్పుడు చంకలో బైబిలు, చేతిలో పెద్ద మూట. మూటలో చీరలున్నాయనుకున్నాను. విప్పితే అన్నీ చిరుగు గుడ్డలే. కట్టుకోవడానికి తెచ్చుకున్నవి రెండే రెండు తెల్లచీరలు, అవీ ఎప్పుడెప్పుడు చిరుగుతాయా అని ఎదురుచూస్తున్నట్టే కట్టేది.

మేం అప్పుడు బందరులో కాలువ గట్టున అద్దెకుండేవాళ్ళం. పెరట్లోంచి నాలుగు మెట్లు దిగితే నీళ్ళు. మావారు గుడివాడలో రైసు మిల్లు గుమాస్తా. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. నాది చిన్నపిల్లల బడిలో టెంపరరీ టీచరు ఉద్యోగం. ఆరేళ్ళ పెద్దది నాతోపాటే బడికి వచ్చేది. మూడున్నరేళ్ళ రెండోవాడూ, చంటి మూడోవాడూ ఇంట్లో ఉండేవాళ్ళు. వాళ్ళిద్దర్నీ చూసే మనిషి ఉంటేనే నాకు ఉద్యోగం. పెద్దత్తయ్య ఉంది కాబట్టి నేను బడికి వెళ్ళాను. ఈ ఒక్కమాటా ముందే ఒప్పేసుకుంటున్నాను. ఇక చెప్పబోయేవన్నీ ఫిర్యాదులే.

నాకు తెల్లారడమే సూదులతో తెల్లారేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, పెద్దదానికి ఒక జడ అల్లి రెండోది అల్లాలి, రెండోవాడు నిక్కరు తొడుక్కోనని పారిపోతుంటాడు. సరిగ్గా ఆ వేళకి వసారాలోంచి పిలుపు.

"అమ్మాయ్, సూదులు."

ఓ పాత దిండుకి ఇరవై సూదులు గుచ్చి ఉండేవి. రోజూ నేను బడికి వెళ్ళేలోపల ఆ ఇరవైటికీ బారెడేసి దారం ఎక్కించి, ముడేసి, మళ్ళీ దిండుకి గుచ్చి ఆవిడ పక్కన పెట్టాలి. ఒకటి తక్కువైతే కుదరదు.

"పంతొమ్మిదే ఉన్నాయి."

"రోజంతా ఇంట్లోనే ఉంటారు గదా అత్తయ్యా, ఒక్కటి మీరు ఎక్కించుకోలేరా?"

"నాకు కనపడదమ్మా."

కనపడని ఆ మనిషే వసారా ఈ చివర కూచుని, ఆ చివర పుస్తకం చదువుకుంటున్న మా పెద్దదాని నెత్తిలో పేను చూసేది. "ఎడం చెవి వెనకాల, అదిగో పైకెక్కుతోంది, పట్టు" అనేది. నేను పట్టేదాన్ని. అక్కడే ఉండేది. చత్వారం దారానికే గానీ పేనుకి ఉండదా అని అడిగితే నవ్వేది.

ఒకరోజు కావాలనే పది సూదులకే ఎక్కించి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి బొంత సగంలో ఆగి ఉంది. పక్కన ఖాళీ సూదులు. దారపు రీలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది.

"మధ్యాన్నం పిల్లలు పడుకున్నారుగా. అప్పుడైనా ఎక్కించుకోవచ్చుగా."

"పడుకున్న పిల్లలు లేస్తారు" అంది, అదేదో పెద్ద వాదన అయినట్టు.

ఇంత చేసి ఆవిడ కుట్టు చూస్తే ఏడుపొచ్చేది. బొంతకి కింద మావారి పాత పంచె, పైన నా పాత చీర, మధ్యలో చిరిగిన లంగాలూ దిండు గలీబులూ దుప్పటి ముక్కలూ. వసారాలో చాప మీద పొరలు పరిచి, ముడతలు అరచేత్తో సవరించి, అంచులు మడిచి, చుట్టూ ఒక వరస కుట్టి, దాని పక్కనే ఇంకో వరస వేసుకుంటూ లోపలికి వచ్చేది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ వరసలు బురదలో ఎండ్రకాయ నడిచినట్టుండేవి. కుట్టేటప్పుడు బొంత వంక చూస్తేగా. బొటనవేలితో తడుముకుంటూ కుట్టడమే, చూపు మాత్రం ఎక్కడో ఉండేది. నేను ట్రైనింగులో కుట్టుపని నేర్చుకున్నదాన్ని, చూస్తూ ఊరుకోలేక ఒక ఆదివారం రెండు వరసలు విప్పి తిన్నగా కుట్టి చూపించాను.

"బొంత మీద పడుకునేది పిల్లాడమ్మా, ఇన్‌స్పెక్టరు కాదు" అంది.

కొత్త గుడ్డ చస్తే పెట్టేది కాదు. మా వీధిలోనే ఉండే బీబమ్మగారింట్లో అద్దకం పని చేసేవాళ్ళు. రంగు చెదిరిన ముక్కలు, అచ్చు పక్కకి పడిన ముక్కలు ఆవిడ తెచ్చి ఇచ్చేది. వాటినైనా పెద్దత్తయ్య పదిసార్లు ఉతికి ఎండబెట్టిన తరవాతే బొంతలో పెట్టేది. "ఉతికి ఉతికి గుడ్డకి పొగరు పోవాలి. పొగరు పోయిన గుడ్డే పిల్లల ఒంటికి మంచిది. మనుషులైనా అంతే" అని ఎటో చూస్తూ అనేది. ఆ చివరి మాట నాకేనని నాకు తెలుసు.

వీటన్నిటికంటే నన్ను తలెత్తుకోనివ్వకుండా చేసింది ఆవిడ చెయ్యి. చిన్నపిల్లలు దగ్గరికొస్తే చాలు, ఆ ఎడం చెయ్యి వెళ్ళి వాళ్ళ బట్ట అంచు పట్టుకునేది. గౌనో, చొక్కానో, లంగా కుచ్చిళ్ళో, ఏదో ఒకటి. మాట్లాడుతూనే ఉండేది, రెండు వేళ్ళ మధ్య ఆ గుడ్డ నలుగుతూనే ఉండేది. గుడ్డ మెత్తబడిందా లేదా, బొంతలోకి ఎప్పటికి వస్తుందని చూస్తోందని వీధంతా నవ్వుకునేవాళ్ళు. బీబమ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడల్లా ముందే చెప్పేది.

"మామ్మగారూ, ఇది పండక్కి కుట్టించిన గౌనండీ. ఇంకో మూడేళ్ళ దాకా మీ చేతికి రాదు."

"సరేలేమ్మా" అనేది పెద్దత్తయ్య. గౌను మాత్రం వదిలేది కాదు.

ఆదివారం మా చర్చి గుళ్ళో కూడా అదే వరస. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఈవిడ రెండు కళ్ళూ తెరుచుకుని, ముందు వరసలో ఎవరి పిల్లాడిదో చొక్కా కొస పట్టుకుని కూచునేది. ఇంటికి వచ్చాక దులిపేశాను.

"ప్రార్థనలోనైనా కళ్ళు మూసుకోరా అత్తయ్యా?"

"ఆయన నన్ను ఎరగనివాడా ఏంటి. కళ్ళు తెరిచి అడిగినా వింటాడులే."

మావారికి చెబితే ఏం లాభం. శనివారం రాగానే కొత్త బొంత మీద వెల్లకిలా పడుకుని, "మా పెద్దమ్మ అంతేలే" అని నిద్రపోయేవారు.

మూడోవాడు పాకడం మొదలుపెట్టాక అసలు సంగతి వచ్చింది. ఒక సాయంత్రం బడి నించి వచ్చి, నన్ను చూసి చేతులు చాపిన పిల్లాణ్ణి ఎత్తుకున్నాను. వాడితో పాటు బొంత లేచింది. బొంతతో పాటు సూదుల దిండు, కత్తెర, వక్కల డబ్బా అన్నీ లేచి కింద పడ్డాయి. వాడి చొక్కా వెనక అంచుని నాలుగు కుట్లతో బొంతకి కుట్టేసి ఉంది.

"పిల్లాణ్ణి కుట్టేశారేంటి అత్తయ్యా?"

"పిల్లాణ్ణి కాదమ్మా, చొక్కాని."

రోజూ పొద్దున వాణ్ణి బొంత నడిమధ్యన కుట్టి, పక్కనే కూచుని అంచులు కుట్టుకునేదట. వంటింట్లోకో పెరట్లోకో వెళ్ళాల్సి వస్తే నిశ్చింతగా వెళ్ళొచ్చేదట. సాయంత్రం నేను వచ్చే వేళకి పంటితో దారం తెంపేసేది, ఆ రోజు మర్చిపోయిందంతే. మా రెండోవాణ్ణి కూడా అలాగే కుట్టి చూసిందట గానీ, వాడు బొత్తాలు తీసి చొక్కా బొంతకే వదిలేసి దిసమొలతో వీధిలోకి పరిగెత్తాడట. అప్పట్నించి చంటివాడికి మొలతాడు కూడా కలిపి కుట్టడం మొదలుపెట్టింది. ఇదంతా ఆవిడ నాకు ఎంత తీరిగ్గా చెప్పిందంటే, పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నట్టు చెప్పింది.

నేను అరిచాను. మర్నాడు మళ్ళీ కుట్టింది. మళ్ళీ అరిచాను. మా మూడోవాడి చొక్కాలన్నిటికీ వెనకవైపు వరసగా చిల్లులు పడ్డాయి. ఓసారి పరధ్యానంలో తన చీర కుచ్చిళ్ళు కూడా బొంతకి కలిపి కుట్టేసుకుంది. పాలు పొంగుతున్నాయని నేను కేకేస్తే లేవబోయింది, పిల్లాడూ బొంతా ఆవిడా కలిసి కదిలారు. పాలు పొయ్యిలో పడ్డాయి. ఆవిడ తిరిగి చతికిలబడి, "ఇదీ ఒకందుకు మంచిదే" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను పొయ్యి తుడుచుకున్నాను.

ఆ రోజుల్లోనే నా ఉద్యోగం పర్మనెంటు చేసే మాట వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గారు కమిటీకి ఉత్తరం రాయాలి. ఆవిడకి ఒకటే అనుమానం. పసిపిల్లలున్న టీచర్లు ఊరికే సెలవులు పెడతారని. "మా పెద్దత్తయ్యగారున్నారండీ, పిల్లల్ని కళ్ళల్లో పెట్టుకుని చూస్తారు" అన్నాను. ఒక బుధవారం సాయంత్రం బడి వదిలాక, మా ఇంటి మీదుగానే వెళ్తూ, మీ పెద్దత్తయ్యగారిని చూసి వెళ్తానని ఆవిడ నాతో వచ్చింది.

తరవాత జరిగింది మీరు ఊహించగలరు. హెడ్మిస్ట్రెస్‌గారు ముచ్చటపడి పిల్లాణ్ణి ఎత్తుకుంది. బొంత లేచింది.

"ఏంటండీ ఇది? పిల్లాణ్ణి గోనెసంచిలా కుట్టేశారా?"

"గోనెసంచి కదలదు గదండీ" అంది పెద్దత్తయ్య మర్యాదగా. "వీడు కదుల్తాడు."

హెడ్మిస్ట్రెస్‌గారు పిల్లాణ్ణి బొంత మీద దించేసి నా వైపు తిరిగింది. "టీచరమ్మ ఇంట్లోనే పిల్లల్ని ఇలా కట్టేసి పెంచుతున్నారంటే, రేపు ఊళ్ళోవాళ్ళు మన బడిని ఏమంటారు? నేను కమిటీకి ఏమని రాయను?" అంది. నేనిచ్చిన కాఫీ సగం తాగి, మిగిలింది అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఆవిడ కంటే పాతికేళ్ళు చిన్నదాన్ని, అనకూడనివే అన్నాను. ఇరవై సూదులూ దిండుతో సహా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

"రేపటినించి పిల్లాడి బట్టల మీద సూది పడకూడదు. అసలు ఈ ఇంట్లో సూదే కనపడకూడదు."

"సరేనమ్మా" అంది.

వచ్చిన దగ్గర్నించీ ఆవిడ నోట ఎదురు లేని "సరే" వినడం అదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది. నాకా తెలివి లేకపోయింది.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి గేటు తీసేసరికి వసారాలో చప్పుడు లేదు. పెద్దత్తయ్య పొద్దున నేను వెళ్ళేటప్పుడు ఎక్కడ కూచుని ఉందో అక్కడే, గోడకి ఆనుకుని కూచుని ఉంది. మూడోవాడు బొంత మీద నిద్రపోతున్నాడు. వాడి చొక్కా అంచు ఆవిడ ఎడం గుప్పిట్లో ఉంది. పిల్లలకి తినిపించిన గిన్నె పక్కనే ఎండిపోయి ఉంది. మంచినీళ్ళ చెంబు నిండుగా అలాగే ఉంది. రెండోవాడు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చాడు.

"మామ్మ నన్ను పెరట్లోకి పోనివ్వలేదమ్మా. నేను వీధి గుమ్మంలోనే పోసేశా."

పెద్దత్తయ్య తల తిప్పి నన్ను చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మాయ్, వీణ్ణి కాస్త పట్టుకో. పెరట్లోకి వెళ్ళొస్తా. పొద్దుటినించి వెళ్ళలా."

నేను వంగి చొక్కా అందుకున్నాను. ఆవిడ వదల్లేదు. వదలకపోవడం కాదు, గుప్పిలి తెరుచుకోలేదు. పొద్దున ఎనిమిదింటికి మూసిన గుప్పిలి బిగుసుకుపోయింది. ఆ వేళ్ళు నేనే ఒక్కొక్కటిగా విప్పాను.

ఆవిడ పెరట్లోంచి వచ్చి చెంబెడు నీళ్ళూ తాగేసింది. నీళ్ళు తాగితే మధ్యలో లేవాల్సి వస్తుందని మానేసిందన్నమాట. నాకు జాలి వెయ్యలేదు. అబద్ధమెందుకు, కోపమే వచ్చింది.

"ఇంత పంతమా అత్తయ్యా మీకు? నన్ను సాధించడానికి కాకపోతే ఏంటిది?"

"పంతమేంటమ్మా. కుట్టొద్దన్నావు. పట్టుకోవద్దనలేదుగా."

"వాడు నిద్రపోతున్నాడు గదా. ఒక్క నిమిషం వదిలితే ఏమైపోతుంది?"

ఆవిడ ఎడం చేతి వేళ్ళు కుడి చేత్తో నొక్కుకుంది.

"దివిలో మా ఇల్లు కూడా కాలువ గట్టేనమ్మా. నాకూ ఒకడుండేవాడు. పదకొండో నెల. నేను బొంత కుడుతుంటే పక్కన ఆడుకుంటున్నాడు. దారం అయిపోయింది. సూదిలోకి ఎక్కలా. కొస తడిచేసి మళ్ళీ ఎక్కించా. ఎక్కింది. తలెత్తి చూస్తే బొంత మీద లేడు."

పెరటి వెనకాల కాలువలో ఎవరో బట్టలు జాడిస్తున్న చప్పుడు వినపడుతోంది.

కళ్ళు కనపడక కాదు. సూదిలోకి దారం ఎక్కించాలంటే కళ్ళు దించాలి. ఆవిడ దించదు. బొంత వంక చూడదు, గుళ్ళో కళ్ళు మూసుకోదు, చిన్నపిల్లల బట్ట అంచు చేతికందితే వదలదు. ఇదంతా నా కళ్ళ ముందే రోజూ జరుగుతుంటే, నేను ఆవిడకి వంకర కుట్ల గురించి పాఠాలు చెప్పాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా ఆవిడ మీదికే తిప్పాను.

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం? రోజూ మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను. చెబితే అనేదాన్నా?"

"చెప్తే నువ్వు పిల్లల్ని నాకొదిలి బడికెళ్తావా?"

వెళ్ళను. ఆ మాట అననక్కర్లేకపోయింది. ఆవిడ నా మొహం చూసి తల ఊపి, లేచి వెళ్ళి గోడకున్న మేకు మీంచి తన రెండో చీర తీసుకుంది. మూట పరిచి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఎల్లుండి అబ్బాయొస్తాడుగా. నన్ను రేవు దాకా దింపమను" అంది.

ఉండమని నేను చెప్పలేదు. పొమ్మనీ చెప్పలేదు. అన్నం వండాను, అందరం తిన్నాం, పడుకున్నాం.

శుక్రవారం పొద్దున యథాప్రకారం పాలు పొంగుతున్నాయి, పెద్దదానికి ఒక జడే అయింది, రెండోవాడు నిక్కరు లేకుండా పరిగెడుతున్నాడు. వసారాలోంచి పిలుపు మాత్రం రాలేదు. ఆవిడ మూట గుమ్మం పక్కన ఉంది. ఆవిడ మూడోవాడి చొక్కా పట్టుకుని బొంత మీద కూచుని ఉంది. నేను ట్రంకుపెట్టె తాళం తీశాను. దిండు తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూచుని ఒక్కొక్క సూదికీ దారం ఎక్కించడం మొదలుపెట్టాను. ప్రతి సూదికీ రెండుసార్లు, మూడుసార్లు పట్టింది. ఆ కాస్తసేపూ నా చూపు పిల్లాడి మీద లేదని ప్రతిసారీ తెలుస్తూనే ఉంది. వాడి మీద ఆవిడ చూపు ఉంది. బడి గంట వినపడింది. అన్నీ అయ్యాక దిండు ఆవిడ ఒళ్ళో పెట్టాను.

ఆవిడ వేలితో తడుముతూ లెక్కపెట్టుకుంది.

"పంతొమ్మిదే ఉన్నాయి."

ఇరవయ్యోది నా చేతిలో ఉంది. పిల్లాడి చొక్కా అంచు ఆవిడ వేళ్ళలోంచి తీసుకుని, మొలతాడుతో కలిపి, బొంతకి ఆనించి నేనే నాలుగు కుట్లు వేశాను. తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి, ట్రైనింగులో నేర్పినట్టే. ముడేసి దారం తెంపాను. పెద్దత్తయ్య ఆ కుట్ల మీద వేలు పెట్టి తడిమింది.

"ఇంత చిన్న కుట్లైతే సాయంత్రం ఎవరు విప్పుతారమ్మా?" అంది.

పళ్ళు నూరుకుంటూ చెప్పులేసుకుని, పెద్దదాన్ని ఒంటిజడతోనే లాక్కుని బడికి వెళ్ళాను. పావుగంట ఆలస్యం. గుమ్మంలోనే హెడ్మిస్ట్రెస్‌గారు నిలబడి ఉంది. కమిటీకి రాయాల్సిన ఉత్తరం ఇంకా ఆవిడ బల్ల మీదే ఉందని మా ఇద్దరికీ తెలుసు.

"ఏమ్మా, పిల్లాడి సంగతి ఏం చేశారు?" అని అడిగింది.

"నేనే బొంతకి కుట్టి వచ్చానండీ" అన్నాను.